అక్కను ఏ గడిలో రాయాలి

కళ్ళద్దాల షాపులో ఆయన్ని అందరూ మాస్టారు అంటారు. నిజానికి ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా వెనక గదిలో కూర్చుని, వచ్చినవాళ్ళందరి చేతా గోడమీది అక్షరాలు చదివిస్తున్నారు కనుక ఆ పేరు అంటుకుపోయింది. బరువైన ఇనప ఫ్రేము ముక్కు మీద పెట్టి, అందులో ఒక అద్దం వేసి, తీసి, ఇంకోటి వేసి, "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడగడమే ఆయన పని. పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా ఆ కుర్చీలో కూర్చోగానే పరీక్ష తప్పుతామేమోనని బిగుసుకుపోతారు. "ఇందులో తప్పు జవాబు ఉండదండీ. మీకేం కనబడుతోందో అదే చెప్పండి" అంటారు మాస్టారు. ఎదుటి మనిషి "రెండూ ఒకేలా ఉన్నాయండీ" అన్నాడంటే నంబరు దొరికినట్టే. అక్కడితో ఆపేస్తారు.

ఊళ్ళోవాళ్ళ చూపు సరిచేసే ఈ పెద్దమనిషికి ఈ ఏడు పన్ను రిటర్ను రూపంలో కళ్ళు బైర్లు కమ్మాయి. ఇన్నేళ్ళూ షాపు లెక్కలు రాసే ఆయనే అందరి రిటర్న్‌లూ నింపేవాడు, వీళ్ళు చూపించిన చోట సంతకాలు పెట్టేవాళ్ళు. ఆయన కాస్తా వేరే ఉద్యోగం చూసుకున్నాడు. ఎవరి రిటర్ను వాళ్ళే వేసుకోవాలనీ, సోమవారం ఆఖరు తేదీ అనీ యజమాని ఓ కాగితం అంటించి చేతులు దులుపుకున్నాడు.

"ఇందులో ఏముంది మాస్టారూ," అంది క్యాషియరు. "సాఫ్ట్‌వేర్లున్నాయిగా. అది అడుగుతుంది, మీరు నొక్కుతారు, అయిపోతుంది."

"ఏది మంచిదమ్మా?"

"నేను పచ్చది వాడతానండీ. మా ఆయన నీలం రంగుది. మా ఆడపడుచు నవ్వే బొమ్మది."

"ముగ్గురికీ బాగానే ఉందా?"

"ముగ్గురం తిట్టుకుంటూనే వాడతామండీ."

మాస్టారు ఆలోచించి, తనకు తెలిసిన పద్ధతే మేలనుకున్నారు. అవే కాగితాలు మూడింటికీ చూపిస్తే, ఏది తేటగా ఉందో తెలిసిపోతుంది కదా! శుక్రవారం సాయంత్రం షాపు నుంచి రాగానే వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచారు.

పచ్చది మొదట బాగానే నడిచింది. పేరడిగింది, జీతమడిగింది. పెళ్ళయిందా అని అడిగింది, కాలేదని నొక్కారు. ఎందుకు కాలేదని అడగనందుకు దాని మీద ఆయనకు గౌరవం కూడా కలిగింది. ఆ తరవాత వచ్చింది అసలు ప్రశ్న: "మీ మీద ఆధారపడినవారు ఎంతమంది?"

మాస్టారు ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశారు. అక్క బాల్కనీలో కాలు స్టూలు మీద చాపుకుని రేడియో వింటోంది.

ఆ ఇంట్లో ఆ మాట ఎందుకు అనకూడదో చెప్పాలి. తల్లి కూడా పోయేనాటికి మాస్టారుకు తొమ్మిదేళ్ళు, అక్కకు పంతొమ్మిది. ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఇస్త్రీ పనికి చేరి, తమ్ముణ్ణీ చెల్లినీ అక్కే పెంచింది. ఈయన్ని కళ్ళ పరీక్ష కోర్సు చదివించిందీ ఆవిడే. పని మానేశాక కొన్నాళ్ళు చెల్లెలింట్లో ఉంది. ఒకరోజు జ్వరమొచ్చి ఆస్పత్రికి వెళితే, మరిదిగారు అక్కడి ఫారంలో 'మా మీద ఆధారపడిన మనిషి' అని రాశాడు. అక్క ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుంది. ఆరేళ్ళు ఒంటిగదిలో ఒక్కతే ఉంది. ఎంతమంది అడిగినా కారణం చెప్పలేదు. రెండేళ్ళ కింద మోకాలి ఆపరేషనయ్యాక, బతిమాలి బామాలి, మాస్టారు తన ఇంటికి తెచ్చుకున్నారు. అదీ ఒక షరతు మీద. ఒకటో తారీకున తన పెన్షన్లో కొంత ఫ్రిజ్ మీది బిస్కెట్ల డబ్బాలో వేస్తుంది, ఆయన నోరెత్తకూడదు.

ఆ పెట్టె ఇప్పటికీ అక్క మంచం కిందే ఉంది. మాస్టారు ఇల్లు ఊడ్చినప్పుడల్లా దాన్ని చూస్తారు, చూసినప్పుడల్లా అక్క మళ్ళీ వెళ్ళిపోతుందేమోనని భయపడతారు. అందుకని గడిలో సున్నా కొట్టారు. చివర పచ్చది, ఒక నెల ఇంటద్దె అంత పన్ను కట్టమంది.

నీలందాని తీరు వేరు. "మీ ఇంట్లో మీతోపాటు ఎవరుంటున్నారు?" అని మర్యాదగా అడిగింది. ఆయన సంతోషంగా అక్క పేరు రాశారు. ఆవిడ ఇంటి ఖర్చుకు ఏమైనా ఇస్తారా అంది. ఇస్తుందన్నారు. నెలనెలా ఇస్తారా అంది. మరీ ఒకటో తారీకునే అన్నారు. నీలంది కాసేపు గిర్రున తిరిగి, అక్కను అద్దెకున్న మనిషిగా తేల్చి, ఆ డబ్బాలో పడ్డది ఆయనకు అద్దె ఆదాయమని, దాని మీద కూడా పన్ను వేసింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. అక్క అద్దెకుండడమేమిటి! చదివింది తప్పో, రాసింది తప్పో, అసలు తన బుర్రే తప్పో ఆయనకు అంతుపట్టలేదు.

మిగిలింది నవ్వే బొమ్మ. "హాయ్! మీవాళ్ళలో ఎవరి వైద్యం ఖర్చయినా మీరు పెట్టుకున్నారా?" ఈ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు దండిగా ఉంది. మోకాలు, మందులు, వ్యాయామం చేయించే మనిషి జీతం, అన్నీ నొక్కారు. ఆవిడ ఖర్చులో సగానికి పైన మీదేనా అంటే, అవునని నొక్కారు. బొమ్మ చెవుల దాకా నవ్వి, పన్ను కట్టక్కర్లేదు సరికదా, ఎదురు డబ్బే వెనక్కి వస్తుందని చెప్పింది. "అయితే ఆవిడ మీ మీద ఆధారపడినవారే! ఆవిడ ఫోన్ నంబరు ఇవ్వండి."

వేసి చూస్తే పోయేదేముంది, నచ్చకపోతే తీసేయొచ్చని నంబరు కొట్టి నొక్కారు మాస్టారు. ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు మరి. వేసిన అద్దాన్ని తీయొచ్చు గానీ, నొక్కిన మీటను తీయలేమని ఆయనకు తట్టలేదు.

బాల్కనీలో ఫోను మోగింది.

అక్క కర్ర పట్టుకుని కుంటుతూ వచ్చింది. "ఒరేయ్, ఏదో మెసేజొచ్చింది. కాస్త చదివి పెట్టు. నాకంతా అలుక్కుపోయినట్టుంది."

మాస్టారు లోలోపల చదువుకున్నారు. మీ తమ్ముడు మిమ్మల్ని తన మీద ఆధారపడినవారిగా చూపిస్తున్నారు. మీకు సమ్మతమైతే ఈ ఆరంకెల నంబరు ఆయనకు చెప్పండి. గడువు పది నిమిషాలు.

"ఏంట్రా?"

"ఏం లేదక్కా. ఏదో ప్రకటన. దుప్పట్లు చవగ్గా అమ్ముతున్నారట."

"నూలువేనా?"

ముప్ఫై ఏళ్ళు దుప్పట్లు ఇస్త్రీ చేసిన మనిషితో దుప్పట్ల అబద్ధమా! "అది... అది రాయలేదక్కా," అని నీళ్ళు నమిలారు. అక్క ఆయన మొహంలోకి ఒకసారి చూసి, ఫోను తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు షాపులో క్యాషియరుకు సంగతంతా చెప్పుకున్నారు. "సున్నా రాసి కట్టేయండి మాస్టారూ, గొడవ వదిలిపోతుంది," అంది ఆ అమ్మాయి. ఆ మాటా నిజమే. కానీ సున్నా రాస్తే ఇంట్లో అక్క లేనట్టే. నీలందాన్ని నమ్మితే అద్దెకున్నట్టు. బొమ్మను నమ్మితే మంచం కింది పెట్టె బయటికొస్తుంది. మూడు అద్దాల్లో మూడు రకాల అక్కలు. ఏ రెండూ ఒకేలా లేవు. అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోయారు మాస్టారు.

మధ్యాహ్నం ఒక ముసలావిడను కొడుకు తీసుకొచ్చాడు. మాస్టారు గోడ మీద మూడో వరస చదవమంటే, ఆవిడ తడుముకునేలోపే కొడుకు పక్కనుంచి చదివేశాడు. మాస్టారుకు ఎక్కడలేని కోపం వచ్చింది. "మీరు చదవకండి! ఆవిడ కళ్ళకు ఏం కనబడుతోందో ఆవిణ్ణి చెప్పనివ్వండి!" అని అరిచారు. అరిచాక తనే ఆగిపోయారు. దీపం కిందే చీకటి. అక్కకు అద్దాలు మార్చి నాలుగేళ్ళయింది. రెండుసార్లు అడిగింది కూడా. తను చూపు పరీక్షించలేదు సరే, ఆ మసక కళ్ళను అడ్డం పెట్టుకుని అబద్ధం చదివారు. ఆయనకు సిగ్గేసింది.

యజమానిని అడిగి పరీక్ష ఫ్రేమూ అద్దాల పెట్టే ఇంటికి పట్టుకెళ్ళారు. ఆదివారం ఉదయం అక్కను కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఫ్రేము ముక్కు మీద పెట్టారు.

"ఇది బాగుందా, అది బాగుందా?"

"ఇది."

"ఇదా, ఇదా?"

"రెండూ ఒకేలా ఉన్నాయిరా."

మాస్టారు ఆపేశారు. అక్క ఫోనులో ఆ మెసేజి తెరిచి చేతికిచ్చారు. అక్క వేలు పెట్టి, ఒక్కో మాటే కూడబలుక్కుని, చివరిదాకా చదివింది. తల ఎత్తలేదు. మాస్టారు మంచం కిందికి చూశారు.

"దుప్పట్లన్నావు," అంది అక్క.

"అన్నాను."

"నూలువో కాదో రాయలేదన్నావు."

"తప్పయిపోయిందక్కా. ఆ మాట చూస్తే నువ్వు వెళ్ళిపోతావని భయమేసింది. నీ మరిదిగారింట్లో..."

"ఆ మాటకేంరా! లాండ్రీలో ఏటా ఒక కాగితం ఇచ్చేవాళ్ళు. నీ మీద ఆధారపడినవాళ్ళెవరని. పన్నెండేళ్ళు నీ పేరు రాశాను. నీ ఫీజులో సగం వాళ్ళిచ్చేవాళ్ళు."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"చెప్పకుండా రాస్తానా? మొదటిసారి నీకు పదేళ్ళు. నీ పేరు రాస్తున్నానురా, సరేనా అంటే, రాస్కో, పుస్తకాలొస్తాయా అన్నావు." అక్క ఫోను ఒళ్ళో పెట్టుకుంది. "ఆ మరిది మహానుభావుడు నన్ను పక్కనే కూర్చోబెట్టుకుని రాశాడు. నోరున్న మనిషినని కూడా అనుకోలేదు. ఒక్క మాట అడిగితే సరిపోయేది. నువ్వూ అడగలేదు."

మూడు సాఫ్ట్‌వేర్లకూ కాగితాలు చూపించాననీ, ఇది మూడోదాని పనేననీ మాస్టారు ఒప్పుకున్నారు. అక్క "ఆ మిగతా రెండూ ఏమన్నాయి?" అంది.

"ఒకదాంట్లో నువ్వు లేవు. ఇంకోదాంట్లో ఇక్కడ అద్దెకుంటున్నావు."

అక్క పకపకా నవ్వింది. ముక్కు మీద ఇనప ఫ్రేము గడగడలాడింది. "అద్దెకుంటే ఆ బాత్రూం కుళాయి కారుతోందని ఎప్పుడో నీ మీద ఫిర్యాదు చేసేదాన్ని. సరే, ఈ నంబరు చదవమంటావా?"

"అది పనికిరాదక్కా. పది నిమిషాలే గడువు. మొన్ననే అయిపోయింది. మళ్ళీ పంపించమని అడగాలి."

"దాన్ని తరవాత అడుగుదువుగాని. ముందు నన్నడుగు."

మాస్టారు స్టూలు లాక్కుని, రోజూ వచ్చేవాళ్ళ ఎదురుగా కూర్చున్నట్టే, అక్క ఎదురుగా కూర్చున్నారు.

"అక్కా, నీ పేరు రాస్తున్నాను. సరేనా?"

ఆ పెద్ద ఫ్రేములోంచి అక్క కళ్ళు ఆయన్ని తేరిపార చూశాయి.

"రాస్కో," అంది. "అద్దాలొస్తాయా?"