కొసరు రంగు

ఆ రోజుల్లో కొసరు అడగకుండా ఏ వస్తువు కొని తెచ్చినా మా ఇంట్లో దాన్ని సగం వస్తువుగానే చూసేవారు. కొత్తిమీర మీద కరివేపాకు, చెప్పుల మీద పాలిష్ డబ్బా... ధర తగ్గిస్తే మంచిదే, తగ్గించకపోతే పైన ఏదో ఒకటి రాలాలి. బొంబాయి పక్క భివండీలో, మా తెలంగాణ నేతవాళ్ళుండే కామత్‌ఘర్ సందులో మాది మగ్గాల సామాను దుకాణం, వెనకే ఇల్లు. నాడెలు, బాబిన్లు, తోలు పట్టాల మధ్య పెరిగాను. నడక ఇంట్లో నేర్చినా మాట మాత్రం గల్లా పక్కనే నేర్చాను. పదేళ్ళకే నన్ను దూరం నుంచి చూసి కూరగాయల బండివాడు "ఆగయీ సేఠానీ" అని, అదే షావుకారమ్మ వచ్చిందని, గుప్పెడు పచ్చిమిరపకాయలు ముందే తీసి పక్కన పెట్టేవాడు. (భయంతోనో ప్రేమతోనో ఈనాటికీ తెలియదు. ప్రేమతోనే అనుకుంటాను, అలా అనుకోవడానికి ఖర్చు లేదు కదా.)

మా బాపుకు ఒక పాత కారుండేది. వయసులో నాకంటే చాలా పెద్దది. గుండ్రటి వీపు, ముందు గుడ్లప్పగించినట్టు రెండు పెద్ద దీపాలు; నడిస్తే అటూ ఇటూ ఊగుతుందని సందంతా దాన్ని 'బాతు' అనేది. ఏటా సద్దుల బతుకమ్మ నాడు పొద్దుగూకే వేళ మా సందు ఆడవాళ్ళు బతుకమ్మలెత్తుకొని చెరువుకు బయలుదేరితే, బాతు దీపాలు వేసుకొని వాళ్ళ ముందు మెల్లగా నడిచేది. ఆ గుంతల రోడ్డు మీద వీధి దీపాలను నమ్ముకున్నవాళ్ళు ఎవరూ లేరు. ఒక ఏడు మోకాలి చిప్ప పగిలి అమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. పాటలు దూరమైపోతుంటే ఏం చేశావమ్మా అని తర్వాత అడిగితే, "నాకేంది, టీవీ జూసిన" అంది. (ఆ సాయంత్రం సందులో కరెంటే లేదు.) అందుకే మరుసటి ఏడు ముందు సీట్లో కూచోబెట్టి, ఒళ్ళో బతుకమ్మ పెట్టి తీసుకుపోతానని బాపు ఆమెకు మాటిచ్చాడు. కర్ర పట్టుకొని సందు మూల దాకా నడిస్తేనే ఆమెకు చెమటలు పట్టేవి మరి.

"మీ అమ్మ ఎక్కే బండి తుప్పుతోని ఉండొద్దు బిడ్డా, రంగు ఏయించు. బేరం నువ్వే జెయ్" అని బాపు తాళాలు నా చేతిలో పెట్టాడు. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. దుకాణంలో కొనుగోళ్ళు నాకు అప్పజెప్పే ముందు పెట్టిన పరీక్ష ఇదేనని నాకు నేనే తేల్చుకున్నాను.

గైబీ నగర్‌లో కార్లకు రంగు వేసే ఒక చాచా దగ్గరికి పోయాను. పెద్దమనిషి, మెత్తని మాట. ధర దగ్గర మాత్రం ఇనుము. "ఇస్ సే కమ్ నహీ హోగా, బేటీ" అని, ఇంతకు తగ్గదన్నాడు. నేను లేచాను, కూచున్నాను, మళ్ళీ లేచాను, గుమ్మం దాకా పోయి చెప్పు తెగినట్టు నటించి వెనక్కి వచ్చాను. ఆయన బీడీ ఆర్పలేదు, ధర దించలేదు. దాంతో కొసరుకు దిగాను. బయట సరే, బానెట్ లోపల కూడా వెయ్యాలన్నాను. "అందర్ కౌన్ దేఖేగా?" అని, లోపల ఎవరు చూస్తారని నవ్వాడు. "మై దేఖూంగీ" అన్నాను, నేను చూస్తానని. అక్కడితో ఆగానా? లోపలున్న బోల్టులు విప్పించి వాటి కింద కూడా రెండు పూతలు పడాలన్నాను. రూపాయి బిళ్ళంత చోటు ఖాళీగా కనబడినా బండి తీసుకోనన్నాను. చాచా ఏదో చెప్పబోయాడు. నేను చెప్పనివ్వలేదు, ఎదుటివాణ్ణి మాట్లాడనివ్వకపోవడమే బేరం అనుకునే వయసది. చివరికి ఆయన రెండు చేతులూ జోడించి, నీ ఇష్టమే కానిమ్మన్నట్టు "జైసా బోలో, సేఠానీ" అన్నాడు.

బాతు తంగేడు పువ్వు రంగులో మెరుస్తూ ఇంటికొచ్చింది. నేను బానెట్ ఎత్తి, వచ్చినవాళ్ళకల్లా లోపలి రంగు చూపించాను. ("ఇది పైసా ఇయ్యకుండ ఏయించిన" అని ప్రతి ఒక్కరికీ చెప్పాను. వినని వాళ్ళకు రెండుసార్లు చెప్పాను.) సద్దులకు ఇక రెండు రోజులున్నాయనగా బాపు దీపాల స్విచ్ వేశాడు. ముందు దీపాలు రెండూ ఆరిపోయే అగరొత్తుల్లా ఎర్రగా మిణుకుమన్నాయి. ఇండికేటర్ వేస్తే అవి కూడా దాంతోపాటు కొట్టుకున్నాయి. "ఏందే, బాతు కన్ను గొడుతున్నది?" అన్నాడు బాపు.

సందు చివర ఒక వైర్‌మన్ ఉండేవాడు. ఏం చెప్పినా "దో మినిట్", రెండు నిమిషాల్లో అయిపోతుంది అనేవాడు కాబట్టి ఆయన అసలు పేరు అందరూ మరిచిపోయారు. దో మినిట్ వచ్చాడు. తన టెస్టు దీపం వైరు ఒక కొస బ్యాటరీకి తగిలించి, రెండో కొసను హెడ్‌లైటుకు కరెంటు వచ్చే తీగకు ముట్టించాడు. టెస్టు దీపం భగ్గున వెలిగింది. "కరెంట్ ఆ రహా హై. బల్బ్ గయా" అని, పోయింది బల్బేనని తేల్చాడు. నేను బజారుకు పరిగెత్తి, గంటసేపు గీచి గీచి బేరమాడి, రెండు బల్బులకు మూడోది కొసరుగా తెచ్చాను. (బాతుకు ఉన్నవి రెండే దీపాలు. ఆ మూడో బల్బు ఇప్పటికీ మా అలమరలో ఉంది.) కొత్త బల్బులు కూడా మిణుకుమన్నాయి. అనుమానంతో పాత బల్బును నేరుగా బ్యాటరీకి ముట్టిస్తే సూర్యుడిలా వెలిగింది! బల్బు మంచిదే, కరెంటు వస్తోంది, వెలుతురు మాత్రం లేదు. దో మినిట్ ఫ్యూజు మార్చాడు, స్విచ్ మార్చాడు, రెండో రోజు సాయంత్రానికి తల గోక్కొని వైరింగ్ అంతా పీకాలన్నాడు. ఎన్నాళ్ళు పడుతుందంటే, జీవితంలో మొదటిసారి నిజం చెప్పాడు: "చార్ దిన్." నాలుగు రోజులు.

సద్దులు మర్నాడే. అమ్మ గడపలో కూచొని తంగేడు పూలు వలుస్తూ అంతా వింది. "పోనీ తియ్ బిడ్డా. వచ్చే ఏడు పోతగదా" అంది. అంటూనే చేతిలో పూలను మళ్ళీ గంపలో పోసేసింది. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. బేరంలో ఎన్నోసార్లు ఓడిపోయాను గానీ, ఆ పూలు గంపలోకి తిరిగి పోయినంత చప్పుడు ఏ ఓటమికీ వినలేదు.

మర్నాడు పొద్దున దుకాణానికి పట్టీల మామ వచ్చాడు. బాపు ఊరివాడు, పక్క షెడ్డులో మగ్గం నడిపేవాడు. వాళ్ళ మగ్గాలకు ఒక ఏర్పాటుండేది: పోగు తెగితే దానికి తగిలించిన సన్నటి ఇనుప రేకు జారి కింద ఉన్న పట్టీని ముట్టుకుంటుంది, దాంతో కరెంటు పారి మగ్గం ఆగిపోతుంది. పట్టీ మీద దూది, గంజి పేరుకుంటే ఆ ముట్టుడు కుదరదు, మగ్గం ఆగదు, బట్ట పాడవుతుంది. అందుకని మామ రోజూ డ్యూటీ ఎక్కగానే గరుకు కాగితంతో పట్టీలు రుద్దేవాడు. ఆ పేరు అట్లా వచ్చింది. దో మినిట్ కథంతా విని ఆయన ఒకే మాట అడిగాడు.

"కరెంటు వచ్చుడు వస్తున్నది, సరే. మరి మర్లి పోవుడు ఎటు పోతున్నది కోడలా?"

వచ్చినదాన్ని లోపల వేసుకోవడమే తప్ప తిరిగి పోనివ్వడం మా వంశంలో ఎవరూ ఆలోచించలేదు.

మామ ఒక వైరు ముక్క తీసుకొని, హెడ్‌లైటు వెనక ఉన్న నల్ల తీగను బ్యాటరీ రెండో కొసకు కలిపాడు. ఎదురుగా దుకాణం గోడ తెల్లగా వెలిగిపోయింది! నల్ల తీగ వెంట వేలు పెట్టుకుంటూ పోయి, అది బండి ఇనుముకు బిగించి ఉన్న బోల్టు దగ్గర ఆగాడు. విప్పి చూసి, "గీ రంగు బోల్టు కింద గూడ ఎవలేసిన్రు? ఇనుముకు ఇనుము తాకకుంటే కరెంటు ఎట్ల పోతది? పాపం, గంత తెల్వనోడా రంగేసినాయన?" అన్నాడు.

బాపు నా వైపు చూశాడు. నేను బాబిన్లు లెక్కపెడుతున్నట్టు నటించాను.

"ఆయనకు తెల్సు మామా," అన్నాను చివరికి, "నేనే చెప్పనియ్యలేదు. కొసరు అడిగిన."

మామ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. జేబులోంచి గరుకు కాగితం ముక్క తీసి నా చేతిలో పెట్టి, "అడిగి ఏయించుకున్నవు గదా, నువ్వే గీకు" అన్నాడు. రెండు పూతలు గట్టిగా వేసిన చాచాను ఆ పూట మనసులో ఎన్ని తిట్టానో! గోళ్ళ సందుల్లో పసుపు రంగు దూరింది. రూపాయి బిళ్ళంత చోట ఇనుము తెల్లగా కనబడేదాకా రుద్దాను. బోల్టు బిగించి స్విచ్ వేస్తే బాతు రెండు కళ్ళూ నిండుగా తెరిచింది. లోపల అమ్మ మళ్ళీ గంప ముందుకు లాక్కోవడం వినిపించింది.

ఆ సాయంత్రం ముందు సీట్లో అమ్మ, ఒళ్ళో బతుకమ్మ, వెనక సీట్లో నేను, ఆ వెనక సందంతా పాట. చెరువు మలుపు దాకా ఆమె దీపాల వెలుగులో తేలిన రోడ్డునే చూస్తూ కూచుంది. తర్వాత మెల్లగా పాట అందుకుంది. మధ్యలో ఆపి వెనక్కి తిరిగి, "వెలుగు మంచిగున్నది బిడ్డా. మామను కొసరేమన్న అడిగినవా?" అంది. బాపు నవ్వు ఆపుకోలేక స్టీరింగ్ మీద తల ఆనించాడు. బాతు ఒకసారి ఊగింది.

ఇప్పుడు దుకాణమూ నాదే, బాతును నడిపేదీ నేనే. మామ ఊరికి పోయి చాలా ఏళ్ళయింది, సద్దుల పొద్దున మాత్రం ఫోన్ చేసి "గీకినవా కోడలా?" అంటాడు. మొన్న మళ్ళీ రంగు వేయించాల్సి వచ్చి గైబీ నగర్ పోతే, చాచా లేడు, కొడుకున్నాడు. బానెట్ ఎత్తి, ఈ బోల్టు కింద రూపాయి బిళ్ళంత చోట రంగు పడకూడదని వేలు పెట్టి చూపించాను. సరేనన్నాడు. అక్కడితో లేచి రావచ్చు కదా. నోరు ఊరుకోదు. ఆ పందొమ్మిదేళ్ళ పిల్ల నాలో ఇంకా గుమ్మం దగ్గర చెప్పు తెగినట్టు నిలబడే ఉంది. "అంత రంగు మిగులుతుంది కదా, దానికెంత తగ్గిస్తావు?" అని అడిగేశాను. అతను వాళ్ళ నాన్న లాగే రెండు చేతులూ జోడించాడు, ధర మాత్రం దించలేదు.

పోనీ, కొసరుగా ఒక గరుకు కాగితం ముక్క ఇమ్మన్నాను. ఇచ్చాడు.