చామంతి కొసలు

నా చిన్నప్పుడు మా నాన్నమ్మను చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. ప్రేమ లేక కాదు, చామంతుల వల్ల. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టర్ వెనక కాస్త జాగా ఉండేది. విజయనగరం నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన చామంతి పిలకలను ఆవిడ అక్కడ నాటింది. వానలకు అవి ఏపుగా లేచాయి. ఇక మొగ్గ వేస్తాయని నేను బడి నుంచి రాగానే పరుగెత్తి చూసేదాన్ని. ఏముంది, కొసలన్నీ తుంచేసి ఉండేవి. మళ్ళీ చిగురు రావడం, మళ్ళీ ఆవిడ గోటితో గిల్లేయడం.

"ఏటే గుంటా అలా ఉరుముతావు? కొస గిల్లితేనే పక్కలంట కొమ్మలొస్తాయి," అనేది.

"మరి పువ్వులెప్పుడొస్తాయి?"

"వచ్చినప్పుడొస్తాయి."

ఆ జవాబుకి నాకు ఏడుపొచ్చేది. కార్తీకంలో కాలనీ తెలుగువాళ్ళంతా రతన్‌పూర్ దగ్గర ఒక తోటకి వనభోజనాలకు వెళ్ళేవాళ్ళం. ఆ రోజు నా జడ నిండా మా ఇంటి పువ్వులే ఉంటాయని స్నేహితురాళ్ళందరికీ అప్పటికే చెప్పేసుకున్నాను. ఈవిడేమో మొక్కల్ని ఎదగనిచ్చేలా లేదు.

ఓపిక నశించి ఒకనాడు ఒక మొక్కను వేళ్ళతో సహా తవ్వి, పాత కుండీలో పెట్టి, ముందు వరండాలోకి తెచ్చేసుకున్నాను. దీన్నెవరూ ముట్టుకోకూడదని అరిచాను. అమ్మ చెయ్యెత్తింది. నాన్నమ్మ అడ్డొచ్చి, "ఒగ్గీయే. దాని మొక్క, దానిష్టం," అంది.

ఆ తర్వాత ఆవిడ నా కుండీ వైపు చెయ్యి చాపలేదు. వరండాలో బియ్యం ఏరుతూ నా మొక్క కేసి చూసేది, నోటిదాకా వచ్చిందేదో మింగేసి మళ్ళీ చేటలోకి తల దించేది. అది నాకు ఇంకా చిరాకు. తిట్టినా బాగుండును, పోట్లాడేదాన్ని.

నా మొక్క నిటారుగా నా నడుం దాకా పెరిగింది. పొడుగు చూసుకుని మురిసిపోయాను. చలి మొదలయ్యాక నెత్తిన రెండు మూడు మొగ్గలు వేసి, వాటిలో ఒక్కటే విచ్చింది. ఆ బరువుకే కాడ వాలిపోయింది. వెనక జాగాలో మాత్రం గుబురు గుబురుగా, ఆకు కనపడకుండా పసుపు పరిచినట్టు పూసింది.

వనభోజనాల పొద్దున వరండాలో ముఖం ముడుచుకుని కూర్చున్నాను. 'నేను చెప్పలేదూ' అని ఆవిడ ఒక్క మాట అంటే చాలు, రానని మొండికేసి మంచమెక్కేద్దామని ఎదురుచూశాను. ఆవిడ అనలేదు. తన పువ్వులన్నీ ఒడి నిండా కోసుకొచ్చి, నన్ను ముందు కూర్చోబెట్టుకుని జడ కుట్టింది.

"నీ పువ్వు కూడా తే," అంది చివర్లో.

"ఒద్దు. అది వంగిపోయింది."

"వంగింది కాడ కదేటి. పువ్వుకేటయింది?"

దాన్ని జడకి పైన, అందరికీ కనపడేచోట గుచ్చింది. తోటలో ఎవరు నా జడ మెచ్చుకున్నా, "ఆ పైది మా గుంట పెంచిందమ్మా," అనేది. మిగతావి ఎవరు పెంచారో చెప్పనే లేదు. నాకు ఆవిడ మీద అరవాలనీ అనిపించింది, ఆవిడ ఒళ్ళో తల దూర్చాలనీ అనిపించింది. మరుసటేడు వానల్లో నా అంతట నేనే వెళ్ళి కొసలు గిల్లాను.

ఇప్పుడు బిలాస్‌పూర్‌లోనే, రాజ్‌కిశోర్ నగర్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మొన్న మనవరాలు పులిహోర చేస్తానని, మెత్తగా ఉడికిపోయిన అన్నాన్ని గరిటెతో ఇంకా మెదిపేస్తోంది. "అలా కాదే," అనబోయాను.

"నానీ, మై కర్ లూంగీ నా!" అంది విసుగ్గా, నేను చేసుకుంటాలే అమ్మమ్మా అని.

నోరెంత దురద పెట్టిందో నాకే తెలుసు. చెప్పేయడం తేలిక. తెలిసీ ఊరుకోవడం, ఊరుకున్నందుకు తర్వాత దెప్పకుండా ఉండటం, మా నాన్నమ్మ ఆ ఏడాది నాకు చేసి చూపించిన పని. ఇన్నేళ్ళయినా నాకది సగమే పట్టుబడింది. హాల్లోకి వెళ్ళి పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. పిల్ల ఆ ముద్దను పళ్ళెంలో పెట్టి తెచ్చింది. తిన్నాను. పోపు మాత్రం నిజంగానే బాగా కుదిరింది. ఆ మాటే చెప్పాను.