గిర్నీకి కంచె వేయించిన సారు

సర్కారు మనిషి వస్తున్నాడంటే మా ఇళ్లలో తలుపులు మూసుకోవడమే తెలుసు. అలాంటి నేను ఒక సర్కారు ఉద్యోగిని తలుచుకుని ఇప్పటికీ చేతులు జోడిస్తానంటే మా మనవరాళ్లు నవ్వుతారు. నవ్వనీ, వాళ్లకేం తెలుసు!

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నూలు దొరక్క గద్వాలలో మగ్గాలు మూలపడ్డాయి. పట్టు అంచులు నేసే మా ఆయన, పక్కన కూర్చుని పోగులు అతికే నేను, ఇద్దరం స్టేషన్ దగ్గర పత్తి గింజలు తీసే గిర్నీలో కూలికి చేరాం. ఒక పెద్ద ఇంజను, పైన పొడుగాటి ఇరుసు, దాని మీది చక్రాల నుంచి ఒక్కో యంత్రానికి దిగే తోలు పట్టాలు. ఆ పట్టాలను కనిపెట్టుకుని ఉండడం మా ఆయన పని. పట్టా చక్రం మీది నుంచి జారబోతే, ఇంజను ఆపకుండానే అరచేత్తో నెట్టి మళ్లీ ఎక్కించేవాడు.

అది ఎవరో నేర్పిన విద్య కాదు. మగ్గం మీద కూర్చున్నవాడికి పోగు తెగితే, కన్ను చూసేలోపల చెయ్యి అక్కడికి పోతుంది. ఊహ తెలిసినప్పటి నుంచీ అదే అలవాటు. ఆ చెయ్యే గిర్నీలోనూ పోయేది. ఇంజను ఒకసారి ఆపితే మళ్లీ నడిపించడం పెద్ద తతంగం కాబట్టి గిర్నీ యజమాని సావుకారు మా ఆయన్ను తెగ మెచ్చుకునేవాడు. నాకైతే ఒకటే మురిపెం. పత్తి ఏరే ఆడవాళ్ల ముందు ఇంకాస్త ఎక్కువ మురిపెం.

ఒకనాడు చెప్పాపెట్టకుండా హైదరాబాదు నుంచి కార్ఖానాల ఇన్స్‌పెక్టర్ రైలు దిగాడు. సన్నటి మనిషి, బూట్ల నిండా దుమ్ము. సావుకారు కుర్చీ వేయించి చాయ్ తెప్పిస్తే, పని అయ్యాక చూద్దామని నేరుగా యంత్రాల మధ్యకు వచ్చేశాడు. నిప్పు అంటుకుంటే బయటపడే తలుపు ఏదని అడిగాడు. దానికి అడ్డంగా పేర్చిన పత్తి బోరాలు అక్కడికక్కడే తీయించాడు. మేము తాగే కుండలో నీళ్లు ముంచి చూశాడు. అంతలో పట్టా జారింది. మా ఆయన చెయ్యి పోయింది, ఎక్కించింది. సారు ముఖం తెల్లబోయింది. ఇంజను ఆపించాడు.

మా ఆయన గర్వంగానే చెప్పాడు, తన చెయ్యి పోగుల మీద పెరిగిన చెయ్యని, దానికేం కాదని. సారు ఆ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మగ్గం నీ కాళ్లు ఆగితే ఆగుతది. ఇది నీ చెయ్యి ఇరికినా ఆగదు నాయనా," అన్నాడు.

పట్టాలన్నిటికీ నిలువెత్తు ఇనుప తీగల కంచె వేయాలి, ఇంజను ఆగితే తప్ప ఎవరూ దాని లోపలికి పోకూడదు, అంతవరకు గిర్నీ నడవకూడదు. ఇదీ హుకుం. రాసి, సంతకం పెట్టి సావుకారు చేతికిచ్చాడు. కూలివాళ్లకు తెలియాలని మమ్మల్ని కూడా పిలిచి చదివి వినిపించాడు.

గిర్నీ బందైతే కూలి బందు. నా నోటి సంగతి మా వాడకట్టులో ఎవరిని అడిగినా చెబుతారు. ఆ సాయంత్రం సారు దిగిన బంగళాకే పోయి నిలబడ్డాను.

"నెల తిరిగితే మీకు జీతం వస్తది సారూ. మా పొయ్యి ఎట్ల మండుతది?"

కసురుకుంటాడనుకున్నాను. అరుగు మీద కూర్చోమన్నాడు. మూసిన రోజులకు కూలి ఇప్పించే కానూను తన దగ్గర లేదని ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాడు.

"చెయ్యి పోయినంక పైసలిప్పించే కానూను ఉన్నదమ్మా. ఆ కాగితం రాసుడు నాకిష్టం లేదు. నీ పెనిమిటి మళ్ల మగ్గం ఎక్కాలె గద."

కొంగు దులుపుకుని లేచాను. అయినా కోపం చల్లారలేదు. దారి పొడుగునా తిట్టుకుంటూనే ఇంటికి పోయాను.

పత్తి కుప్పలు పేరుకుపోతుంటే సావుకారు ఎన్నాళ్లు ఆగుతాడు! కమ్మరిని పిలిచి కంచె కట్టించాడు. సారు ఒక్కో మేకు దగ్గర పట్టుకుని ఊపి చూసి, సరేనని రైలెక్కాడు. రైలు కూత వినపడడం ఆలస్యం, సావుకారు కనుసైగ చేశాడు. కంచె విప్పింది ఎవరనుకున్నారు? మా ఆయనే! తన చేతిని నమ్మలేదని ఆయనకు రోషం. కంచె తెచ్చి గోడకు ఆనించాడు.

సారు తర్వాతి స్టేషన్‌లో దిగి, ఎడ్లబండి కట్టించుకుని, మిట్టమధ్యాహ్నం తిరిగొచ్చాడు. అబ్బ, ఆ నిమిషం సావుకారు ముఖం చూడాలి! సారు మా ఆయన్ను పల్లెత్తు మాట అనలేదు. సావుకారు మీద కచేరీలో కేసు పెట్టి, తన కళ్లతో చూసింది తనే చెప్పి జుర్మానా వేయించాడు. ఆ తర్వాత ఒకసారి వనపర్తి వైపు నుంచి, ఇంకోసారి నాగర్‌కర్నూల్ వైపు నుంచి, ఎప్పుడు ఊడిపడతాడో తెలియకుండా వచ్చి చూసిపోయేవాడు. కంచె మళ్లీ కదల్లేదు. మా ఆయన మాత్రం దాన్ని చూసినప్పుడల్లా సణిగేవాడు.

పత్తి రోజులు అయిపోవస్తుండగా ఒక మధ్యాహ్నం పెద్ద పట్టా జారింది. పాత అలవాటున మా ఆయన చెయ్యి విసురుగా పోయి కంచెకు కొట్టుకుంది. ఆ క్షణమే లోపల పట్టా పుటుక్కున తెగి, పాములా లేచి, కంచెను ఇవతలికి ఉబ్బేలా బాదింది. ఇంజను ఆపేదాకా బాదుతూనే ఉంది. నేను ఏరుతున్న పత్తి వదిలేసి పరుగెత్తాను. ఆయన నేల మీద కూలబడి ఉన్నాడు. వేళ్ల కణుపుల దగ్గర తోలు లేచి నెత్తురు కారుతోంది, అంతే. నేను ఒక్కో వేలూ మడిచి, విప్పి, మళ్లీ మడిచి చూస్తూ అందరి ముందూ బోరున ఏడ్చాను.

"నేను పెట్టలేదే," అన్నాడు పసిపిల్లాడిలా. "చెయ్యే పోయింది."

సారు వస్తే ఈ సంగతి చెప్పి కాళ్లకు దండం పెడదామనుకున్నాను. మరుసటేడు వచ్చింది వేరే ఆయన. తను రాసిన హుకుం ఎవరి చెయ్యి కాపాడిందో ఆ మహానుభావుడికి తెలియనే తెలియదు. యుద్ధం ముగిసి నూలు దొరికాక మా ఆయన మళ్లీ మగ్గం ఎక్కాడు. ఆ చేతులతో నేసిన మొదటి చీరను నేను ఎవరికీ అమ్మనివ్వలేదు.