పళ్ళెం మీద రెండు ఆవిరి మచ్చలు

ఆ రోజు పొద్దున సిరోంచ బస్టాండులో అహేరి బస్సు ఆగి ఉంది. వాన లేదు, మంచూ లేదు. ముందు అద్దం మీద వైపర్ మాత్రం అటూ ఇటూ ఆడుతూనే ఉంది. డ్రైవరు దూరంగా చాయ్ తాగుతున్నాడు. దాన్ని ఎవరైనా ఆపుతారేమోనని చూస్తూ నిలబడ్డాను. అప్పుడే బావ ఫోన్ చేశాడు.

"అమ్మ పోయిందే పిల్లా. చాయ్ గ్లాసు చేతిల ఉండంగనే పక్కకు ఒరిగింది. దవాఖానకు తీస్కపోయేంత టైం గూడ ఇయ్యలే."

బావ మా మేనత్త కొడుకు. అత్త నాన్నకు అక్క. నేను పనిచేసే కాలేజీ గ్రంథాలయానికి పోకుండా అదే బస్సెక్కి నాగేపల్లికి బయల్దేరాను. దారంతా నోటితోనే ఊపిరి తీసుకున్నాను. ఏడిస్తే ముక్కు మూసుకుపోవడం అందరికీ ఉండేదే. నాకు ఏడవకపోయినా అంతే. అత్త గురించి రాయాలంటే ముందు ఆ సంగతి చెప్పాలి.

అత్త సర్కారు నర్సు. ఉద్యోగమంతా అడవి పల్లెల్లోనే గడిచింది. తెలుగు, మరాఠీ, గోండీ ఒకే వాక్యంలో కలిపేసేది. గడియారం మణికట్టు లోపలివైపు తిప్పి కట్టుకునేది. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే ఆమె చూపు ముఖం మీద ఉండేది కాదు, ఛాతీ మీద ఉండేది. ఊపిరి లెక్కపెట్టడం రిటైరయ్యాక కూడా మానలేదు. ఒకసారి బస్సులో పక్క సీటు ముసలాయనతో అంది: "బీడీ బంద్ చెయ్ తాతా. నీ రొమ్ముల పిల్లికూతలు బస్సంత వినవడ్తున్నయ్." ఆయన కోపంగా, "టికెట్ గూడ నువ్వే కొడ్తవా?" అన్నాడు. అత్త నవ్వింది. దిగేటప్పుడు మాత్రం ఆయన ఏ ఊరివాడో, ఏ దవాఖాన దగ్గరో అడిగి మరీ దిగింది.

నేను గడ్చిరోలిలో కాన్వెంటు హాస్టల్లో ఉండి చదువుకున్నాను. అక్కడి అమ్మాయిలు నన్ను పోపట్ అని పిలిచేవారు. మరాఠీలో చిలుక. నా ముక్కును చూసి పెట్టిన పేరు. తరగతిలో ఎప్పుడూ గోడ పక్కనే కూర్చునేదాన్ని, కనీసం ఒకవైపు నుంచైనా ఎవరికీ కనిపించకుండా. ఉద్యోగం వచ్చాక నాగపూర్‌లో ఒక క్లినిక్‌కు ఒంటరిగా వెళ్ళి ముక్కు నడుమ ఎత్తు తీయించుకున్నాను. ఇంట్లో సైనస్ ఆపరేషన్ అన్నాను. లోపలి ఎముక సరిచేశారు, అందుకే ఆకారం కాస్త మారిందన్నాను. అందరూ నమ్మారు. తక్కువ మాట్లాడే పిల్ల అబద్ధం చెప్పదని మా వాళ్ళ నమ్మకం.

వాపు తగ్గి ముఖం కుదురుకున్న మూడు నెలలకు ఊపిరి చెడింది. గట్టిగా గాలి పీలిస్తే ముక్కు రెండు పక్కలూ లోపలికి అతుక్కునేవి. తడి గుడ్డలోంచి పీలుస్తున్నట్టు ఉండేది. నోరు తెరిచి పడుకుంటే గొంతు ఎండి లేచేదాన్ని. పిల్లలకు పుస్తకం చదివి వినిపించబోతే వాక్యం సగంలో ఆగేది. ఎంతమంది డాక్టర్ల దగ్గరికి పోయినా సైనస్ ఆపరేషన్ అయిందనే చెప్పాను. వాళ్ళు దానికే మందులిచ్చారు. మెడికల్ షాపులో దొరికే ముక్కు చుక్కలు వేసుకుంటే మొదట్లో పూట గడిచేది. తర్వాత రెండు గంటలకోసారి వేసుకోక తప్పలేదు. సంచిలో ఒక సీసా, దిండు కింద ఒకటి, గ్రంథాలయం సొరుగులో ఒకటి.

పట్టుకున్నది అత్తే. ఒక ఆదివారం నాగేపల్లిలో అన్నం తింటున్నాం.

"ఏందే, ముద్ద ముద్దకు ఆగుతున్నవ్?"

"ఏం లేదత్తా."

"ఏం లేకుంటనేనా? నోరు మూస్తే ఊపిరాడ్తలేదు నీకు."

చెయ్యి కడుక్కుని, బోర్లించి ఉన్న స్టీలు పళ్ళెం కొంగుతో తుడిచి నా ముక్కు కింద పట్టింది. "ఇడువు." రెండు ఆవిరి మచ్చలు పడ్డాయి. కుడిది చింతగింజంత. ఎడమది మెంతిగింజంత. అత్త వాటిని చాలాసేపు చూసింది. తర్వాత రెండు వేళ్ళు నా బుగ్గ మీద ఆనించి చెవివైపు మెల్లగా లాగింది. "ఇప్పుడు పీల్చు."

గాలి వచ్చింది. చల్లగా, లోపలి దాకా. ఎన్ని నెలల తర్వాతో. అత్త వేళ్ళు తీసింది, గాలి ఆగింది. మళ్ళీ పెట్టమని ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను.

"ఇది సైనస్ గాదు బిడ్డా. పక్క గోడలకు బలం లేదు. ఏం చేపిచ్చుకున్నవో చెప్పు."

చెప్పాను. తిడుతుందనుకున్నాను. పళ్ళెం కడిగి బోర్లించి వచ్చింది. "ముక్కు నీది, కోయిపిచ్చుకున్నవ్. ఊపిరి గూడ నీదే గద. దానికి ఎందుకు అబద్ధం చెప్తున్నవ్?"

నది మీది వంతెన దాటించి వరంగల్‌లో ముక్కు డాక్టరు దగ్గరికి ఆమే తీసుకుపోయింది. చెప్పవలసింది ఒక చిట్టీ మీద రాసుకుపోయాను. డాక్టరు ముందే దాన్ని లాక్కుని సంచిలో వేసుకుంది.

"చిట్టీ ఇస్తే ఆయన గూడ చిట్టీనే ఇస్తడు. నోటితోని చెప్పు. గన్ని పుస్తకాలు చదివినవ్, నాలుగు మాటలు రావా?"

డాక్టరు చిన్న కెమెరా పెట్టి చూశాడు. ఆకారం కోసం తీసినప్పుడు ముక్కుకు ఆసరాగా ఉండే మెత్తటి ఎముక ఎక్కువగా పోయిందన్నాడు. అందుకే పీల్చగానే గోడలు కూలుతున్నాయి. చుక్కలు లోపలి పొరను మరింత వాచేలా చేశాయి, ముందు అవి మానాలి. మొదటి ఆపరేషన్‌కు ఏడాది నిండాక చెవి నుంచి మెత్తటి ఎముక తీసి ఆసరాగా కుట్టవచ్చు.

"మునుపటిలా అవుతుందా?" అని అడిగాను.

"మెరుగవుతుంది. మునుపటిలా అని మాట ఇవ్వలేను."

చుక్కలు మాన్పించడానికి అత్త సిరోంచలో నా అద్దె గదికి వచ్చి పదిహేను రోజులు ఉంది. ముందు కుడివైపు మానడం, అది తేరుకున్నాక ఎడమవైపు. సీసాలన్నీ తన సంచిలో పెట్టుకుంది. పొద్దున, సాయంత్రం ఉప్పునీళ్ళతో ముక్కు కడిగించేది. పడుకునే ముందు ముక్కు పక్కనుంచి బుగ్గ మీదికి ప్లాస్టర్ పట్టీలు లాగి అంటించేది.

"ఒక్క చుక్క ఇయ్యత్తా."

"ఇయ్య. తిట్టుకో, ఏమనుకోను. తిట్టనీకి గూడ ఊపిరి గావాలె గద, ఎంత వస్తదో చూస్త."

నాన్నకు నన్నే చెప్పమంది. చెప్పలేదు. ఏడాది నిండి రెండో ఆపరేషన్ అయినప్పుడు కూడా ఇంట్లో సైనస్సే అన్నాను. అత్త ముఖం తిప్పుకుంది. వార్డులో ఇద్దరమే ఉన్నప్పుడు, "నీ అబద్ధానికి నేను గూడ కావలి ఉంటున్న. ఎన్ని దినాలే ఇగ?" అంది. నాన్నకు ఇప్పటికీ చెప్పలేదు. ఇది అచ్చయితే ఇందులోనే చదువుకుంటాడు. అత్త ఉంటే దీన్నీ చిట్టీ అనేది.

కుడివైపు తెరుచుకుంది. ఎడమవైపు సగమే. అత్త పోవడానికి రెండు రోజుల ముందు డాక్టరు మళ్ళీ చూసి, ఇంకోసారి కోస్తే లాభం కంటే నష్టమే ఎక్కువన్నాడు. ఇదే ఇక నా ఊపిరి. బయటికి వచ్చి అత్తకు ఫోన్ చేశాను.

"ఇంతేనట అత్తా."

ఫోన్లో ఆమె ఊపిరి వినిపించింది. చివరికి, "ఆదివారం రా. పళ్ళెం పెట్టి చూద్దాం. డాక్టరుది డాక్టరుది, నాది నాది," అంది. గురువారం పోయింది.

నేను నాగేపల్లి చేరేసరికి అత్తకు స్నానం చేయించారు. ముక్కులో దూది పెట్టారు. అందరికీ పెడతారని తెలుసు. అయినా నా చెయ్యి నా ముక్కు మీదికి పోయింది. నాన్న తన అక్క కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. నన్ను చూసి, "నీ సైనస్ గురించే పరేషాన్ అయ్యేది బిడ్డా," అన్నాడు. నేను నోరు తెరిచాను. ఊపిరి కోసమే తెరిచాను, మాట కోసం కాదు.

గోడ పక్కన చోటు దొరికితే కూర్చున్నాను. అక్కడినుంచి ఆమె ముఖం ఒకవైపే కనిపిస్తోంది. నడుమ ఎత్తుగా లేచి, కొస కిందికి వంగిన ముక్కు. నాయనమ్మ నుంచి అది నాన్నకు రాలేదు, మా ఇంట్లో ఇద్దరికే వచ్చింది. నేను కోయించుకున్నది అత్త ముక్కు.