కుర్చీ వద్దన్న పాస్టరమ్మ

తిరువూరు బజారులో ఆ పాస్టరమ్మని ఎరగని కొట్టు లేదు. ప్రార్థన మానలేదని ఛత్తీస్‌గఢ్‌లో సొంత ఊరివాళ్ళే తరిమేసిన ప్రొటెస్టెంట్ కుటుంబాలు కొన్ని ఆవిడ చర్చిలో తలదాచుకున్నాయి. వాళ్ళ కోసం ఎండలో సాయం అడుగుతూ తిరిగేది. నా టైలరు కొట్టుకొస్తే కుర్చీ చూపించేవాణ్ణి.

"వద్దు భాయ్, కూర్చుంటే మళ్ళీ లేవలేను" అనేది.

ఒకరోజు పక్కనున్న దుప్పట్ల కొట్టాయన ఆవిడ మీద మండిపడ్డాడు. "మతం మారడమెందుకు, తన్నులు తినడమెందుకు?"

ఆవిడ వాదించలేదు. గోడకి చెయ్యి ఆనించి, "వాళ్ళనేమన్నా అనండి. ఒకమ్మాయి నిన్ననే ప్రసవించిందండి. పసిగుడ్డుతో కటిక నేల మీద పడుకుంది" అంది.

ఆయన నాలుగు మంచి దుప్పట్లు మూటకట్టి చేతికిచ్చాడు.

"నేనిచ్చానని ఎవరికీ చెప్పకండమ్మా" అన్నాడు గొంతు తగ్గించి.

ఆవిడ నీరసంగా తలూపి, మూట భుజానికెత్తుకుని తర్వాతి కొట్టు మెట్లెక్కింది.