తూకానికి కూర్చోవలసిన మనిషి

ఎలియో బరొవెరో ఎవరి మాటా నమ్మడు. టైరు మీద అచ్చేసిన అంకెను కూడా నమ్మడు. టేపు చుట్టి కొలిచాకే ఒప్పుకుంటాడు. కొర్దొబా కొండల్లో పందెం కార్లకు టైర్లూ స్ప్రింగులూ అమర్చడం అతని నలభై ఏళ్ల పని. అతని షెడ్డుకు కారు తెచ్చినవాడు ముందు పోలీసు స్టేషన్లో కూర్చున్నట్టు సవాలక్ష ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. ఇంత చాదస్తం ఉన్నా జనం అతని దగ్గరికే వస్తారు. అతను సర్దిన కారు మలుపులో చెప్పినట్టు వింటుంది మరి.

ఒక్క కారు మాత్రం వినలేదు. రెండేళ్ల కిందట కొండెక్కే పందెంలో అతని కూతురు హిమెనా నడిపిన కారు తొమ్మిదో మలుపులో ఎగిరి రోడ్డు దిగిపోయింది. ఆమె భుజం ఎముక విరిగింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే, మళ్లీ పందెం కారెక్కితే తన గడప తొక్కొద్దన్నాడు ఎలియో. ఆమె బట్టలు సర్దుకుని వెళ్లిపోయింది. ఆ కారుకు అంత గట్టి స్ప్రింగులు ఎంచింది తానేనని అతను ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. అప్పటినుంచే అతని అనుమానం మరీ ముదిరింది.

ఈసారి పందెం ఆదివారం అనగా, బుధవారం నాడు బేకరీ గీదో ఒక ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెచ్చాడు. మనిషి ఆరడుగుల పైమాటే. కారు కొన్నాననీ, పందెంలో తానే నడుపుతాననీ చెప్పాడు. వెనక రెండువందల ఇరవై అయిదు మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు వెయ్యాలనీ, కారును కిందికి దించి గట్టి స్ప్రింగులు పెట్టాలనీ అడిగాడు. ఎలియో గొట్టంతో మాతే ఆకు కషాయం పీలుస్తూ విన్నాడు కానీ, అయినవాళ్లతో పంచుకునే ఆ గిన్నె గీదోకి అందించలేదు.

ఆ కొండ రోడ్డు నిండా అతుకులే. స్ప్రింగు గట్టిదైతే ప్రతి అతుకుకీ టైరు గాల్లోకి లేస్తుంది. గాల్లో ఉన్న టైరు ఎంత వెడల్పయితే ఏం లాభం? పైగా పొద్దుటి చలిలో వెడల్పు టైరు వేడెక్కేలోపు కొండే అయిపోతుంది. నూట తొంభై అయిదు చాలు, స్ప్రింగు మెత్తగా ఉండాలి అన్నాడు ఎలియో. గీదో వెంటనే సరేనన్నాడు. అంత త్వరగా ఒప్పుకోవడమే ఎలియోకి నచ్చలేదు.

గీదో వెళ్లగానే కారంతా వెతికాడు. సీటు బాగా ముందుకు జరిపి ఉంది. గీదో అందులో కూర్చుంటే మోకాళ్లు స్టీరింగుకు తగులుతాయి. దొంగ కారేమోనని కాగితాలు తీసి చూస్తే గీదో పేరే ఉంది. అయినా మనసొప్పక పాత టైర్లు విప్పాడు. ముందు టైర్ల బయటి అంచులు చెక్కుచెదరలేదు. గీదో అయితే స్టీరింగును పిండి పిసికినట్టు పిసుకుతాడు. అతని బేకరీ వ్యాను టైర్ల అంచులు ఎలా అరిగిపోతాయో ఊరంతా ఎరుగుదురు. ఈ కారు నడిపినవాళ్లు మలుపుకు ముందే తిన్నగా బ్రేకు వేసి, వదిలి, అప్పుడు తిప్పేవాళ్లు. అలా తిప్పడం ఎలియో తన జన్మలో ఒక్కరికే నేర్పాడు.

ముందు ఒళ్లు మండింది. తన కళ్లు గప్పి తన చేతే కారు సర్దించుకుందామనుకుందా హిమెనా? కాసేపటికి కోపం చల్లారి భయం పట్టుకుంది.

మర్నాడు గీదో వచ్చేసరికి నాలుగు చక్రాల కిందా కాటాలు పెట్టి ఉన్నాయి. నడిపే మనిషి బరువు సీట్లో ఉంచి, ఏ చక్రం మీద ఎంత భారం పడుతోందో చూసి స్ప్రింగులు సర్దాలి. నీ బరువెంత అని అడిగాడు ఎలియో. తొంభై రెండు కిలోలన్నాడు గీదో.

"నీ బరువుకి సర్దిన కారు అందులో సగమున్న మనిషి నడిపితే ఏమవుద్దో తెలుసా?"

"నేనేగా నడిపేది, ఎలియో గారూ."

"తొమ్మిదో మలుపులో ఎడం పక్క ముందు చక్రానికి పట్టు పోద్ది. నడిపే మనిషినే వచ్చి కూర్చోమను. రాకపోతే కారు ఇక్కడే ఉంటది, ఆదివారం దాటినా సరే."

గీదో నేలచూపులు చూస్తూ నసిగాడు. "గడప తొక్కొద్దన్నారంట కదండీ."

"గడప ఇంటికుంది. షెడ్డుకి లేదు."

సాయంత్రానికి హిమెనా వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. ఎలియో తలెత్తకుండానే, హెల్మెట్ కూడా పెట్టుకోమన్నాడు, అదీ తూగాలి కదా. ఆమె సీట్లో కూర్చుంది. అతను నాలుగు అంకెలూ రాసుకుని రెండుసార్లు కూడాడు.

"నన్నింకా నమ్మవా నాన్నా?"

"నమ్మనిది నిన్ను కాదే. ఆ రోజు ఆ స్ప్రింగులు ఎంచింది నేను."

"తెలుసు. అందుకే కారు నీ దగ్గరికి పంపా. ఆ తప్పు మళ్లీ చెయ్యనోడివి నువ్వొక్కడివే."

రెండేళ్లుగా ఎలియో లోలోపల మోస్తున్నది కూతురికి ముందే తెలుసన్నమాట. ఆమె స్టీరింగు అటూ ఇటూ తిప్పి చూసి, వెనక షాకబ్జర్లు ఇంకో మెట్టు మెత్తగా కావాలంది. ఎందుకని అడగకుండా అతను పానా తీసుకుని కారు కిందికి దూరాడు.