నరసరాజు గారు పడని నేల

నరసరాజు గారు ఒకసారి పడి చూస్తేగాని ఏ నేల గురించీ అభిప్రాయం చెప్పరు. పడితే నేల తప్పినట్టు. శాయశక్తులా ప్రయత్నించినా పడలేకపోతే నేల పాసైనట్టు. లోకంలో ఈ పనికి ఖరీదైన పరికరాలున్నాయని ఆయనకు తెలుసు. అయితే తొంభై కిలోల సొంత పరికరం దగ్గరుండగా అద్దెకు తేవడమెందుకని ఆయన వాదన.

ఆయనది భీమవరం వైపు. ప్రభుత్వ రంగ కర్మాగారంలో ఉద్యోగానికని పటాన్‌చెరు వైపు వచ్చి, అక్కడ రిటైరై, ఇప్పుడు ఇస్నాపూర్ దాటాక వాల్వులు తయారుచేసే ఒక ప్రైవేటు కంపెనీలో మెయింటెనెన్స్ మేనేజరుగా పనిచేస్తున్నారు. ఆయన కింద సివిల్ ఇంజినీరుగా చేరినవాడు శ్రావణ్‌కుమార్. కొండాపూర్ మండలంలో వ్యవసాయం చేసుకునే కుటుంబం వాళ్ళది, ఇంజినీరైంది వీడే. ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాడు. వాడి విధుల్లో ముఖ్యమైనది రాజుగారు పడ్డప్పుడల్లా లేపడం. ఈ సంగతి అపాయింట్‌మెంట్ ఆర్డరులో రాయలేదు.

సిగ్గంటే ఏమిటో శ్రావణ్ చదువుకున్న రోజుల్లో నేర్చుకోలేదు. రాజుగారి దగ్గర నేర్చుకున్నాడు. పటాన్‌చెరులో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్ళి భోజనాలు జరుగుతుంటే, రాజుగారు రెండు బంతుల నడుమ పట్టుపంచెతో వెల్లకిలా పడి, ఆ పడిన చోటి నుంచే, “ఈ గ్రానైటు ఎవరు వేశారండీ? పిలవండి!” అని కేక పెట్టారు. అమీన్‌పూర్‌లో ఒక గృహప్రవేశంలో తాంబూలంతో సహా లిఫ్టు ముందు కూలారు. రెండుసార్లూ జనం విరగబడి నవ్వారు. రెండుసార్లూ శ్రావణ్ ఒక చేత్తో ఆయన్ని లేపుతూ, రెండో చేత్తో సొంత మొహం దాచుకున్నాడు.

“మేడం, సార్ ఇంట్ల కూడ గిట్లనే పడతరా?” అని ఒకసారి ఆయన భార్య అన్నపూర్ణ గారిని అడిగాడు.

“పెళ్ళిచూపుల్లోనే పడ్డారు నాయనా. మా నాన్నగారు మూర్ఛేమోనని తాళాలగుత్తి తెచ్చారు. ఈయన కళ్ళు తెరిచి, ‘గచ్చు పనికిరాదండి, పిల్ల నచ్చింది’ అన్నారు.”

కంపెనీకి కొత్త షెడ్డు లేచింది. కాంక్రీటు నేల మీద ఏ పూత వేయాలన్నది ప్రశ్న. కోటింగు కంపెనీ ప్రతినిధి ఒక మూల రెండు నమూనాలు వేసి చూపించాడు. ఒకటి అద్దంలా మెరిసే ఎపాక్సీ. రెండోది అదే ఎపాక్సీలో సన్న ఇసుక చల్లిన గరుకు రకం. చూడ్డానికి మశూచి పోసిన మొహంలా ఉంది.

రాజుగారు రెండింటినీ యంత్రాల నూనె కలిసిన నీళ్ళతో తడిపించారు. తరవాత బూట్లు విప్పేసి, షెడ్డు ఊడ్చే మొగులమ్మ చేత ఆమె హవాయి చెప్పులు విప్పించి తాను తొడుక్కున్నారు. అవి గులాబీరంగువి, అరిగి అప్పడాల్లా ఉన్నాయి. ఆయన మడమలు సగం బయటే ఉండిపోయాయి.

“సార్, బూట్లతో నడిచి చూడండి సార్,” అన్నాడు ప్రతినిధి బెదిరిపోయి.

“బూట్లున్నవాడు ఈ షెడ్డులోకి పొద్దునోసారి, సాయంత్రమోసారి వచ్చి పోతాడయ్యా. చెప్పులున్నావిడే రోజంతా తిరిగేది.”

మెరిసే నమూనా మీద రెండో అడుగుకే ఢామ్మని పడ్డారు. పడి, బోర్లా తిరిగి, నేలలోకి తేరిపార చూశారు. “నా మొహం చక్కగానే కనిపిస్తోంది. కానీ ఇంత దగ్గరగా చూసుకునే వయసు కాదు.” తరవాత గరుకు నమూనా ఎక్కి గెంతారు, జరిగారు, ఒంటికాలి మీద తిరిగారు. ఎంత తంటాలుపడ్డా పడలేకపోయారు. “ఇదీ నేలంటే!” అని ప్రకటించారు.

ప్రతినిధి నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. శ్రావణ్‌కు ఆ కాంక్రీటు చీలి తనను లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది.

మర్నాడు రాజుగారికి మోకాలు వాచింది. డాక్టరు పట్టీ వేసి, రెండు వారాల సెలవు, ఆరు వారాలు పడరాదన్న నియమం రాసిచ్చాడు. సరిగ్గా అప్పుడే ఎండీ గారు శ్రావణ్‌ను గదిలోకి పిలిచారు.

“ఫోటోల్లో మెరవాలోయ్ షెడ్డు. విదేశాల నుంచి కస్టమర్లొస్తున్నారు. రాజుగారి సర్కస్ మనకొద్దు. సివిల్ ఇంజినీరువి, నువ్వు చెప్పు. మెరిసేదే కదా?”

శ్రావణ్‌కు జవాబు తెలుసు. దసరా తరవాతే తన ఉద్యోగం పర్మినెంటు చేస్తారనీ తెలుసు.

“మెరిసేదే మంచిగుంటది సార్.”

సెలవు నుంచి తిరిగొచ్చేసరికి షెడ్డంతా చెరువులా తళతళలాడుతోంది. రాజుగారు గుమ్మంలోనే ఆగారు.

“ఎవరు తేల్చారబ్బాయ్?”

“ఎండీ సారే తేల్చిండ్రు సార్,” అన్నాడు శ్రావణ్, తన బూట్ల వైపు చూస్తూ. ఆ నేలలో తన మొహం స్పష్టంగా కనపడుతోందని అప్పుడే గమనించి, చూపు పైకప్పు మీదికి మార్చాడు.

ఆయుధపూజ నాడు యంత్రాలకు బంతిపూల దండలేశారు. కార్మికులు కుటుంబాలతో, రాజుగారు అన్నపూర్ణ గారితో వచ్చారు. నేల పరీక్షలు సవాలక్ష చేసినవాళ్ళు కూడా ఒక సంగతి మరిచారు. కొత్త మిషను ముందు కొబ్బరికాయలు కొట్టారు. దిష్టి తీసిన బూడిద గుమ్మడికాయను ఫెడీమని పగలగొట్టారు. గుజ్జు, గింజలు, కుంకుమ నీళ్ళు, కొబ్బరినీళ్ళు కలిసి ఆ అద్దం మీద పరుచుకున్నాయి.

పులిహోర బేసిన్‌తో మొగులమ్మ గబగబా వచ్చింది. కాలు జారింది. బేసిన్ ఒకవైపు, ఆమె ఒకవైపు. పులిహోర మాత్రం అన్నివైపులా వెళ్ళింది. షెడ్డంతా గొల్లున నవ్వింది.

ఎండీ గారికి నవ్వు రాలేదు. “కళ్ళెక్కడ పెట్టుకున్నావ్? కొత్త ఫ్లోరంతా పసుపు చేశావ్! రేపట్నుంచి పనిలోకి రాకు.”

“తప్పైంది సారు. కాలు నిలవలే,” అంటూ మొగులమ్మ కొంగు సర్దుకుంది. లేవబోయి మళ్ళీ జారింది. మళ్ళీ నవ్వులు.

తప్పు ఎవరిదో ఆ షెడ్డులో శ్రావణ్‌కు బాగా తెలుసు. తెలిసినవాడు కాబట్టే మిషను చాటుకు జరిగాడు.

అప్పుడు పట్టుపంచె, మోకాలికి పట్టీతో నరసరాజు గారు పెళ్ళికొడుకులా ఠీవిగా నడిచొచ్చి, సరిగ్గా గుజ్జున్న చోటే అడుగువేశారు. ఆ చప్పుడుకు ఒక దండ తెగి కిందపడింది.

“రాజుగారు పడ్డారో!” అని షెడ్డు దద్దరిల్లింది. ఫోన్లన్నీ ఆయన వైపు తిరిగాయి.

“ఎండీ గారూ,” అన్నారు ఆయన పడుకునే. “ఈ నేల మీద నేను పడకుండానే పూత వేయనిచ్చాను. తప్పు నాది. ఆవిడనేమీ అనకండి.”

“మీరు సెలవులో ఉన్నారు కదండీ?”

“ఆ సమయంలో సెలవు పెట్టడమూ నా తప్పే.”

శ్రావణ్ పక్కన అన్నపూర్ణ గారు నిట్టూర్చారు. “ఇహ నెల్లాళ్ళు అందరూ ఈయన పడిందే చెప్పుకుంటారు. పాపం, మొగులమ్మ పడిందని ఎవరికీ గుర్తుండదు.”

శ్రావణ్ ఉలిక్కిపడ్డాడు. “మేడం... మీ పెళ్ళిచూపులల్ల?”

“కాఫీ పళ్ళెంతో ముందు జారింది నేనే నాయనా. ఇన్నేళ్ళలో మా చుట్టాల్లో ఒక్కరు కూడా ఆ సంగతి ఎత్తలేదు.”

ఫంక్షన్ హాల్లో ఖాళీ రసం బకెట్టు పట్టుకుని ఏడుపు మొహంతో నిలబడ్డ మనిషి ఒకడు శ్రావణ్‌కు కళ్ళముందు కదిలాడు. అప్పుడూ చూశాడు. చూసి మరిచిపోయాడు. అందరిలాగే తనూ రాజుగారిని చూసి సిగ్గుపడ్డాడు. అసలు సిగ్గు ఇన్నాళ్ళుగా వేరేచోట తన వంతు కోసం కాచుక్కూర్చుంది. ఇప్పుడు వచ్చి చెవులదాకా పాకింది.

మిషను చాటునుంచి బయటికొచ్చాడు.

“సార్, రాజు సార్ ఈ పూత వద్దన్నరు. నేనే మంచిగుంటదన్న. జారతదని ఎరికే. నౌకరి పర్మినెంట్ అయితదని అన్న. మొగులమ్మ తప్పేం లేదు సార్.”

“ఏమిటీ? తెలిసి చెప్పావా? నిన్నూ...” అంటూ ఎండీ గారు వేలెత్తి రెండడుగులు ముందుకేశారు. మూడోది వేయలేదు. తెల్లప్యాంటుతో గుమ్మడి గుజ్జులో చతికిలబడ్డారు.

ఎవరూ నవ్వలేదు. ఎండీ జారితే నవ్వకూడదని ఏ కంపెనీ నియమాల్లోనూ ఉండదు. అయినా అందరికీ కంఠతా వస్తుంది. జనమంతా ఒక్కసారిగా పైకప్పు రేకులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆ నిశ్శబ్దంలో ఎండీ గారి మొహం క్లాసు ముందు పాఠం మరిచిపోయిన పిల్లవాడి మొహమైపోయింది.

శ్రావణ్ రాజుగారి వైపు చూశాడు. ఆయన కూర్చుని మోకాలు నిమురుకుంటున్నారు.

“నా మోకాలు ఇవాళ్టికి ఇంతే అబ్బాయ్,” అన్నారు రహస్యంగా. “నువ్వు కానియ్.”

శ్రావణ్ ఫోను తీసి అన్నపూర్ణ గారి చేతికిచ్చాడు. “పరేషాన్ కాకుండ్రి సార్, లేపుతా!” అంటూ ఎండీ గారి వైపు దూకుడుగా రెండంగలు వేసి, జీవితంలో మొదటిసారి బుద్ధిపూర్వకంగా పడ్డాడు. ఆ వేగానికి జారుతూపోయి ఎండీ గారి ఒళ్ళో తేలాడు.

ముందు నవ్వింది ఎండీ గారే. తరవాత రేకులు ఎగిరిపోయేలా షెడ్డంతా నవ్వింది.

“పరవాలేదు. మోచెయ్యి కాస్త లోపలికి పెట్టాలి,” అన్నారు రాజుగారు.

“ఆ గరుకు రకమే వేయించండి రాజుగారూ,” అన్నారు ఎండీ గారు కళ్ళు తుడుచుకుంటూ. “నీ సంగతి తరవాత చూస్తానోయ్, ముందు నా ఒళ్ళోంచి లే. మొగులమ్మా, నువ్వు రేపు పనిలోకి రావాలి.”

ఎలాగో గోడ పట్టుకుని పొడినేల చేరిన మొగులమ్మ, వెనక్కి తిరిగి ముగ్గురినీ ఎగాదిగా చూసింది.

“రేపటి ముచ్చట రేపు సూద్దాం సారు. ఇప్పుడైతే ఒక్కరు కూడ లేవకుండ్రి. జెర ఇసుక తెచ్చి సల్లుతా.”